నలభై నాలుగో చుక్క

ఆఫీసులో అందరూ ఆవిడ్ని రూట్లమ్మ అంటారు. అసలు పేరు రికార్డుల్లో ఉంది, అక్కడే ఉండనివ్వండి. మత్తుమందుల కేసులు చూసే పోలీసు ఆఫీసులో, మెట్లెక్కగానే ఎడమ చేతి గదిలో, కిటికీ పక్క బల్ల ఆవిడది. ఒంటి మీద ఖాకీ లేదు, చేతిలో లాఠీ లేదు. ఆవిడ చేసేదల్లా గీతలు గీయడం. ఆ గీతల ముందు మాత్రం పెద్ద పెద్ద మీసాలవాళ్ళు కూడా చేతులు కట్టుకుని నిలబడతారు.

అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఆవిడ బస్సు డిపోలో పనిచేసింది. ఏ బస్సు ఎక్కణ్ణించి ఎక్కడికి పోతుంది, ఏ వీధి తవ్వితే ఏ బస్సు చుట్టూ తిరగాలి, అదంతా గోడంత కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గీసేది. పనిలో వంక పెట్టడానికి లేదు గానీ, ఒక్క చాదస్తం ఉండేది. తను ఎక్కి తిరగని రూటుని కాగితం మీద పెట్టేది కాదు. పై అధికారి లిస్టు చేతికిచ్చి "గీసెయ్యండమ్మా, టైము లేదు" అంటే, "స్టాపు ఉందో ఊడిందో చూడకుండా ఎలా గీస్తానండీ?" అని సంచీ భుజాన తగిలించుకుని బస్సెక్కేసేది. ఆఖరికి ఆ పనంతా కంప్యూటరుకి అప్పగించి, "ఈవిడ్ని ఎక్కడికైనా పంపండి" అని పైవాళ్ళకి రాశారు. పైవాళ్ళు ఈ ఆఫీసుకి పంపారు.

మొదటి రోజు ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి, "నాకు మందులంటే దగ్గుమందు తప్ప తెలీదు సార్" అంది.

"జంక్షన్లు తెలుసుగా, చాలు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ముక్కు మీద కోపం గల మనిషే, కానీ మనుషుల్ని ఎక్కడ వాడుకోవాలో తెలిసినవాడు.

పని వారంలోనే పట్టుబడింది. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. ఇద్దరి మధ్య ఫోను మాటలుంటే ఆ రెండు చుక్కలకీ మధ్య గీత. కంప్యూటరు లెక్కలు కడుతుంది, ఆవిడ చూసి అర్థం చెబుతుంది. కొత్త కానిస్టేబుళ్ళు ఎక్కువ గీతలున్న చుక్కని చూసి "వీడే మేడమ్ పెద్ద తలకాయ!" అని ఎగిరి గంతేస్తే ఆవిడ నెత్తిన మొట్టికాయ వేసినంత పని చేసేది.

"వాడు బస్టాండయ్యా! వీధిలో నిలబడి అమ్మేవాడు. అందరూ వాడి దగ్గరికే వస్తారు, వాడు పోతే పక్కన ఇంకోడు నిలబడతాడు. ఈ పక్క నాలుగు వీధులకీ ఆ పక్క నాలుగు వీధులకీ మధ్య ఒక్కటే వంతెన ఉంటుంది. దాని మీద రద్దీ ఉండదు. కానీ అది మూస్తే ఊరు రెండు ముక్కలు. ఆ వంతెన ఎవడో చూడండి."

ఆ వంతెన కోసమే రెండేళ్ళుగా ఒక కేసు నలుగుతోంది. కాలేజీల వైపు మాత్రలు అమ్మే ముఠా ఒకటి, రేవు వైపు గోదాముల్లో పొట్లాలు కట్టే ముఠా ఒకటి. రెండు వైపులా ఒక్కో నోటుబుక్కు, వాళ్ళకి తెలియకుండానే, పోలీసుల చేతికొచ్చింది. అందులో పేర్లు లేవు, ఫోను నంబర్లే. మొదటి దాంట్లో ఇరవై, రెండో దాంట్లో ఇరవై మూడు. మొత్తం నలభై మూడు చుక్కలు. ఈ ఇరవైకీ ఆ ఇరవై మూడుకీ మధ్య ఒక్క గీత లేదు. అయినా రెండూ ఒకటే ముఠా అని ఇన్‌స్పెక్టరు పట్టు. దానికి తోడు, నోటుబుక్కులు దొరికిన వారానికే సోదాకి వెళ్తే రెండు చోట్లా గదులు ఖాళీ. స్టవ్వు మీద గిన్నె ఇంకా వేడిగా ఉంది, మనుషులు లేరు. మన ఆఫీసులోంచే ఎవడో చెప్పేశాడు అని ఆయనకి అప్పటినుంచీ కడుపులో మంట.

అప్పట్లో ఫోను కంపెనీ సోదా తర్వాతి కాల్స్ మాత్రమే ఇచ్చింది. అంతకుముందువి కోర్టు చెప్పాక, రెండేళ్ళు ఆలస్యంగా, మొన్న బుధవారం వచ్చాయి. రూట్లమ్మ వాటిని కంప్యూటరులో పోసి బొమ్మ గీయించింది. గీయించి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. లిస్టులో లేని చుక్క ఒకటి కొత్తగా మధ్యలో మొలిచింది. నలభై నాలుగోది. దాన్నుంచి కాలేజీ వైపు ఇరవైకీ గీతలు, రేవు వైపు ఇరవై మూడుకీ గీతలు.

రోజూ అందరికీ పాఠాలు చెప్పే మనిషి, ఆ క్షణంలో తనే ఎగిరి గంతేసింది. "సార్! వంతెన దొరికింది!"

ఆ నంబరు ఎవరిదో మర్నాడు మధ్యాహ్నానికి కబురొచ్చింది. ఇన్‌స్పెక్టరు కాగితం చదివి, మళ్ళీ మొదటినుంచీ చదివాడు. సరిగ్గా అప్పుడే అటెండరు టీ గ్లాసుల ట్రే పట్టుకుని లోపలికొచ్చాడు. నంబరు ఆ అటెండరుదే.

ఆయన్ని ఆఫీసంతా బాబాయ్ అంటుంది. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే. గదుల తాళాలు, బీరువాల తాళాలు ఆయన నడుముకే. టీలో ఇంకో చెంచా చక్కెర వేయమంటే, ఆఫీసు చక్కెర కదా అని ఒక్క క్షణం ఆలోచించే మనిషి. ఆయనకో పాత బటన్ల ఫోనుంది. ఆఫీసు ఫోన్లోంచి బయటికి కాల్స్ పోకుండా పైవాళ్ళు ఎప్పుడో కట్టేశారు గనక, ఆఫీసులో ఎవరి ఫోను చచ్చినా ఆయన ఫోనే దిక్కు.

ఇన్‌స్పెక్టరు బొమ్మ తెచ్చి బాబాయ్ ముందు పరిచాడు. "నలభై ముగ్గురు దొంగలు. నలభై ముగ్గురికీ నీ ఫోనులోంచి కాల్స్. ఏం చెబుతావు?"

"నేనెందుకు చేస్తాను సార్?" అన్నాడు బాబాయ్, ట్రే ఇంకా చేతిలోనే ఉంది. బొమ్మని ఇటూ అటూ చూశాడు. "ఇది ఎప్పటి సంగతి?"

"రెండేళ్ళ కిందట. వానలు మొదలైన నెల."

బాబాయ్ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ట్రే బల్ల మీద పెట్టాడు. "నేనే చేశాను సార్" అన్నాడు.

ఎందుకు చేశావన్నా, ఎవరు చెయ్యమన్నారన్నా, "నేనే, నేనొక్కణ్ణే" అని అదే మాట. ఒప్పుకున్నాడుగా, ఇంకేం చూడాలి అని మిగతా కాగితాలు ఎవరూ విప్పలేదు. ముప్ఫై ఏళ్ళ మనిషి ఎక్కడికి పోతాడులే అని లాకప్పులో పెట్టకుండా, ఫోను తీసేసుకుని ఇంటికి పంపారు. సోమవారం కోర్టు. అక్కడ ఇదే మాట అన్నాడంటే, మిగిలిన జీవితం జైల్లోనే.

శుక్రవారం నాడు ఆఫీసులో అందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. 'అటెండరు ఫోను మీరెప్పుడైనా వాడారా?' ఇటు చూస్తే అందరూ లేదు, లేదు అని రాసేస్తున్నారు. రూట్లమ్మ కలం ఒక్క క్షణం ఆగింది. బస్సు తప్పినప్పుడల్లా ఇంటికి చెప్పింది ఆ ఫోనులోంచే. అయినా 'లేదు' అని రాసి సంతకం పెట్టింది. ఇక్కడ ఆవిడ్ని వెనకేసుకు రావడానికి నా దగ్గర మాటల్లేవు. భయపడింది, అంతే.

ఇంటికెళ్ళి మొగుడితో అంది. "ఆ మనిషి చేశాడంటే నాకు మనసొప్పడం లేదండీ."

"చేశాడని నీ బొమ్మే కదే చెప్పింది?" అన్నాడు ఆయన.

ఆవిడ కంచం పక్కకి నెట్టింది.

శనివారం పొద్దున్నే వచ్చి కూర్చుంది. కోర్టుకిచ్చే కాపీలో కాల్స్ తేదీలవారీగా ఉండాలి. అంతవరకూ చూసిందంతా మనుషులవారీగానే, ఎవరు ఎవరికి ఎన్నిసార్లు అని. ఇప్పుడు బాబాయ్ నంబరు కాగితాలన్నీ తీసి, తేదీ, టైము ప్రకారం పేర్చి ప్రింటు తీసింది. వేలు పెట్టి ఒక్కో వరసా చదవసాగింది.

మొదటి కాల్ ఒకటో చుక్కకి. తర్వాతది రెండో చుక్కకి. ఆ తర్వాత మూడు. నాలుగు. ఐదు.

"ఇదేంటి, బళ్ళో హాజరు పిలిచినట్టు!" అనుకుంది.

ఆ అంకెలు చుక్కలకి పెట్టిందెవరు? తనే. నోటుబుక్కుల్లోంచి టైపు చేస్తూ, ముందు కాలేజీది, తర్వాత రేవుది, వచ్చిన వరసలో ఒకటి, రెండు అని పెట్టుకుంది. దొంగవెధవకి రూట్లమ్మ టైపు చేసిన వరసలో ఫోన్లు చేయాల్సిన ఖర్మేం పట్టింది? పైగా అన్నీ పగలు పదకొండుకీ ఒంటిగంటకీ మధ్యే. ఐదు సెకన్లు, ఏడు సెకన్లు, ఆరు. మూడు రోజుల్లో నలభై మూడూ పూర్తి.

పదిహేడో చుక్క తర్వాత వరసలో లేని నంబరొకటి అడ్డం వచ్చింది. అది మాత్రం నాలుగు నిమిషాల పైనే. వెంటనే తర్వాతి కాల్ పద్దెనిమిదో చుక్కకి. రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒక్క అంకె తేడా. ఇందులో ఒకటి, అందులో ఏడు.

రూట్లమ్మ వేలు అక్కడే ఆగిపోయింది. నోటుబుక్కులో ఆ ఒకటో ఏడో తెలియని గీత కళ్ళ ముందుకొచ్చింది. దాంతోపాటు ఒక ముసలావిడ గొంతు కూడా. "ఎవరూ, పెద్దమ్మాయా? గొంతు అలా అయిపోయిందేమే, జలుబా? ఆవిరి పట్టావా?" రాంగ్ నంబరండీ అంటే వినిపించుకోలేదు. పెట్టేద్దామంటే మనసు రాలేదు. నాలుగు నిమిషాలు ఊఁ కొట్టి, ఆవిరి పట్టుకుంటానని మాటిచ్చి మరీ పెట్టేసింది.

తనే! ఆ నలభై మూడు కాల్సూ చేసింది తనే!

కొత్తగా వచ్చిన రోజులవి. లిస్టు టైపు చేశాక, డిపో చాదస్తం ఊరుకోలేదు. ఎక్కి తిరగడానికి ఇక్కడ బస్సుల్లేవు కదా, కనీసం నంబరు మోగుతుందో లేదో చూద్దామనుకుంది. బాబాయ్ ఫోను అడిగి తీసుకుని, ఒక్కోదానికీ చేసి, ఎవరైనా ఎత్తితే "సారీ అండీ, రాంగ్ నంబరు" అని పెట్టేసి, లిస్టు మీద టిక్కు పెట్టుకుంది. అంతా సరిపోయిందని సంతోషపడి, మర్చిపోయింది. రెండేళ్ళ తర్వాత ఆ గీతలే తిరిగొస్తే, వంతెన దొరికిందని కేక పెట్టింది. ఏమనాలి ఈ మనిషిని!

ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఆ ప్రింటు సొరుగులో పెట్టేస్తే ఎవరికీ తెలీదు కదా అనిపించింది. తన ఉద్యోగం తనకుంటుంది. ఛీ అనుకుని, మనసు మారకముందే లేచి ఇన్‌స్పెక్టరు గదిలోకి వెళ్ళింది.

"సార్, ఆ నలభై నాలుగో చుక్క నేను."

ఇన్‌స్పెక్టరు తలెత్తాడు. ఆవిడ వరస తప్పకుండా చెప్పుకొచ్చింది. డిపో, టిక్కులు, ఒకటీ ఏడూ, ముసలావిడ, నిన్న రాసిన అబద్ధం, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆయన మొహం ఎర్రబడుతూ వచ్చింది.

"అంటే రెండు చోట్లా గదులెందుకు ఖాళీ అయ్యాయో ఇప్పుడు తెలిసింది!" అని బల్ల మీద ఒక్కటి చరిచాడు. "మూడు రోజుల్లో నలభై ముగ్గురికీ ఒకే గొంతు ఫోను చేసి రాంగ్ నంబరంటే గాడిదకైనా అనుమానం రాదా? మీకు బుద్ధుందా అసలు?"

"లేదు సార్."

"పైగా వాడలేదని సంతకం పెట్టారు!"

"పెట్టాను సార్. అందరం పెట్టాం. మీరే చూడండి, ఆ మూడు రోజుల్లోనే ఎవరెవరి ఇళ్ళకి కాల్స్ వెళ్ళాయో." కాగితం ముందుకు జరిపింది. కాస్త తటపటాయించి, "మీ ఇంటి నంబరు కూడా రెండుసార్లుంది సార్" అంది.

ఇన్‌స్పెక్టరు కాగితం తీసుకుని చూశాడు. కుర్చీలో వెనక్కి వాలి, మొహం రెండు చేతులతో రుద్దుకున్నాడు. చేతులు తీసేసరికి ఆ మొహంలో కోపం కాదు, ఇంకేదో ఉంది.

"అయితే మన ఆఫీసులో ఎవరూ అమ్ముడుపోలేదన్నమాట" అన్నాడు మెల్లగా. "రెండేళ్ళమ్మా. పక్కనున్న ప్రతి మొహాన్నీ అనుమానంగా చూశాను. ఇంతాచేసి ఈ ముఠాకి నాయకురాలు మీరా!"

"మీకు నవ్వులాటగా ఉంది, నా పై ప్రాణాలు పైనే పోయాయి సార్."

"పోవాలి. మెమో కూడా వస్తుంది, తీసుకోండి. నలభై నాలుగు తీసేస్తే బొమ్మ ఏమవుతుంది?"

"రెండు ముక్కలు. రెండూ వేరు వేరు ముఠాలే సార్, నేనప్పుడూ అదే..."

"చాలు, తెలుసు." ఆయన లేచి టోపీ పెట్టుకున్నాడు, ఏదో గుర్తొచ్చి ఆగాడు. "మరి చెయ్యనివాడు చేశానని ఎందుకన్నాడు?"

అది ఆవిడకీ అంతుపట్టలేదు. కోర్టుకి తను ఫోను చేస్తానని ఇన్‌స్పెక్టరు అంటే, బాబాయ్‌కి తను చెబుతానని రూట్లమ్మ బయల్దేరింది.

బాబాయ్ ఇల్లు మూడో అంతస్తులో. రెండు గదులు, వరండాలో తాడు మీద ఆరేసిన చొక్కాలు. తలుపు తీసింది ఆయన భార్య. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. "రండి. ఈయన మాట్లాడరు, తినరు. గురువారం ఇంటికొస్తూనే కొడుకుని, ఊరొదిలి పో, నా కంటికి కనపడకు అని గెంటేశారు. ఎందుకో చెప్పరు" అంది గుమ్మంలోనే.

బాబాయ్ లోపల గోడకి ఆనుకుని కింద కూర్చునున్నాడు. రూట్లమ్మ ఎదురుగా చతికిలబడింది.

"బాబాయ్, ఆ ఫోన్లు మీరు చెయ్యలేదు. నేను చేశాను. మీ దగ్గర తీసుకుని, నా బల్ల దగ్గర కూర్చుని, నంబర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోడానికి చేశాను. సార్‌కి చెప్పేశాను. మీ మీద కేసు లేదు."

ఆయన ఆవిడ వంక చూశాడు. సంతోషం లేదు, కోపం లేదు. "అన్నీ మీరే చేశారా అమ్మా?" అన్నాడు.

"అన్నీ నేనే."

"సరిగ్గా చెప్పండి. నలభై మూడూనా? ఒకటో రెండో వేరేవాళ్ళు చేసి ఉండరూ?"

"నలభై మూడూ నేనే బాబాయ్. పైగా ఒక ముసలావిడకి కూడా చేశాను."

"అయితే వాడు కాదు" అన్నాడు బాబాయ్. "వాడు కాదే!" అని భార్య వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "ఆ రోజుల్లో మావాడికి పని లేదమ్మా. చెడు స్నేహాలు. ఇంటికి రాగానే నా ఫోను లాక్కుని మేడ మీదికి పోయేవాడు. సార్ ఆ కాగితం పరిచేసరికి వీడే అనుకున్నాను. మీరు గీసిన గీత తప్పదు కదా అనుకున్నాను."

రూట్లమ్మకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మెమో ఏపాటి! ఇన్‌స్పెక్టరు చరిచిన బల్ల బదులు తన చెంప అయినా బావుండేదనిపించింది. "నన్ను నాలుగు తిట్టండి బాబాయ్" అంది.

ఆయన తిట్టలేదు. ఆయనకి అంత తీరిక లేదు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ మెట్లు దిగుతున్నాడు. కొడుకు ఊరొదిలి పోలేదని తల్లికి తెలుసు. రెండు వీధుల అవతల ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తూ అక్కడే పడుకుంటున్నాడు. ఆడవాళ్ళిద్దరూ ఆయన వెనకే పరుగు.

ప్రెస్సులో మిషను మోత. పాతికేళ్ళవాడు, మోచేతుల దాకా సిరా. గుమ్మంలో తండ్రిని చూసి మిషను ఆపేశాడు.

"ఇంటికి రారా" అన్నాడు బాబాయ్. "తప్పు నాదేరా. ఆఫీసులో నా ఫోను గురించి అడిగితే నువ్వే చేశావనుకున్నాను. నిన్ను దొంగల్లో కలిపేశాను."

కొడుకు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతినే మళ్ళీ తుడిచాడు.

"నేను నువ్వే చేశావనుకున్నాను నాన్నా" అన్నాడు. "నువ్వు ఒప్పుకున్నావని ఆఫీసు డ్రైవరు చెప్పాడు. చేసినా సరే, మా నాన్నేగా అని, నిన్నంతా తిరిగి ఒక వకీలుతో మాట్లాడొచ్చాను. సోమవారం కోర్టుకి వస్తానన్నాడు."

బాబాయ్ రెండు చేతులతో కొడుకు మొహం పట్టుకుని, సిరా అంతా తన చొక్కాకి పూసుకుంటూ, బావురుమన్నాడు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే నవ్వింది. "ఒకళ్ళనొకళ్ళు దొంగలనుకుని, ఒకళ్ళు జైలుకీ, ఒకళ్ళు కోర్టుకీ సిద్ధపడ్డారు గానీ, ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు చూడండి! ఇలాంటి వాళ్ళతో ఎలా వేగాలమ్మా నేను?" అంది రూట్లమ్మతో.

రూట్లమ్మ కూడా ఏడుస్తోంది.

"వకీలుకి రావద్దని చెప్పాలిరా" అన్నాడు బాబాయ్ ముక్కు తుడుచుకుంటూ.

"చెబుదాం లే నాన్నా. ముందు ఇంటికి పద" అన్నాడు కొడుకు, తండ్రి ఉత్తి కాళ్ళు చూసి తన చెప్పులు విడిచి ఆయన ముందు పెడుతూ.